నోరు చెక్కని టికీ

సముద్రం బారులోకి వచ్చి చీలమండల లోతున నిలిచింది, ఎత్తైన స్టూళ్ళ కాళ్ళ చుట్టూ చిన్న చిన్న అలలు తిరిగి వెనక్కి పోతున్నాయి, అయినా జోగారావు పంచె అంచు తడవడం లేదు. ఉద్యోగమంతా కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పిన మనిషి కనుక ఆయన ముందుగా గమనించేది ఆ తడవకపోవడాన్నే, బల్లకు అవతల నిలబడి గ్లాసు తుడుస్తున్న పైడినాయుణ్ణి ఆ తరువాతే.

పైడినాయుడు ఆయన భార్య వరాలుకు తమ్ముడు. వయసంతా ఓడల ఇంజను గదుల్లో గడిపి, అక్క పెళ్ళి మాట ఎత్తినప్పుడల్లా ఇంకో ఓడ ఎక్కి, చివరకు విశాఖపట్నంలో అక్కాబావల ఇంటి మేడమీద స్థిరపడ్డవాడు. మొన్న ఆషాఢంలో పళ్ళు తోముకుంటూ, నోట్లో నురగతోనే కూలిపోయి, అక్కతో ఒక్క మాటైనా చెప్పకుండా పోయినవాడు. పోయాడన్న సంగతి జోగారావుకు ఇక్కడ కూడా తెలుసు. ఇది కల అని సైతం దాదాపుగా తెలుసు. తెలిసినా లేచి వెళ్ళాలనిపించడం లేదు.

"ఏటి బావా, ఇంత ఆలస్యం?" అంటాడు పైడి, తుడిచిన గ్లాసును వెలుతురుకు ఎత్తి చూస్తూ. "నువ్వు వస్తున్నావని బీచిరోడ్డు మూసేశారు."

"నేను రావడానికీ బీచిరోడ్డు మూయడానికీ సంబంధం ఏమిట్రా?"

"నేనూ అదే అడిగాను. మాస్టారికి ఇసక పడదు, సముద్రాన్నే కాస్త లోపలికి జరుపుతామన్నారు."

ఇది వాళ్ళ మేడమీది బారే, కాకపోతే ఉండవలసినదానికంటే కొంచెం ఎక్కువగా ఉంది. పైడి తన చేత్తో కట్టిన వెదురు తడికలు అలాగే ఉన్నాయి, కప్పుకింద పరిచిన తాటాకు అలాగే ఉంది, జాలరిపేట నుంచి తెచ్చిన పాత వలకు రంగు బల్బులు అలాగే వేలాడుతున్నాయి. అయితే తడికల వెనక ఇంకా తడికలున్నాయి, వాటి వెనక ఏదో ఓడ డెక్కు మీద ఎవరో బట్టలు ఆరేస్తున్నారు, ఆ బట్టలకు అవతల జోగారావు చదువు చెప్పిన కాలేజీ వరండా మొదలవుతోంది. గోడ వెంబడి టికీలు వరుసగా నిలబడి ఉన్నాయి. ఇవి పసిఫిక్ దీవుల రేవుల్లో పైడి చూసి మనసు పారేసుకున్న కొయ్య మనుషులు: ఒంటికంటే పెద్ద తల, తలకు మించిన నోరు, కోపమో నవ్వో తేల్చుకోనివ్వని పళ్ళు. రిటైరయ్యాక కొబ్బరి మొద్దులూ సరుగుడు దుంగలూ మేడమీదికి మోయించుకుని, బాడిసతో చెక్కి, బ్లోటార్చితో పైపైన కాల్చి నల్లబరిచి, వార్నిషు పూసి, ఒక్కొక్కదాన్నే బారు చుట్టూ నిలబెట్టాడు. ఒకదానికి వరాలు కోపపు ముఖం వచ్చింది, ఇంకొకదానికి పాలు పోసే గవర్రాజు బుగ్గలు వచ్చాయి. గరుకు కాగితంతో రుద్దడం జోగారావు పని. ఉలి మాత్రం ఆయన ఎన్నడూ పట్టలేదు, మందు గ్లాసు అసలే పట్టలేదు. వీళ్ళిద్దరి సాయంకాలాల్లో ఒకవైపు రమ్ము, ఒకవైపు నిమ్మరసం ఉండేవి.

"అక్కడివాళ్ళకు ఇవి పూర్వీకుల రూపాలట కదరా," అంటాడు జోగారావు, బతికున్నప్పుడు అన్న మాటనే మళ్ళీ, ఎందుకో ఇప్పుడే మొదటిసారి అంటున్నంత మర్యాదగా. "వాళ్ళ పెద్దల్ని తెచ్చి నీ సీసాలకు కాపలా పెట్టడం బాగుందా?"

"మన పెద్దలు తాగలేదేటి? మా తాత పోలినాయుడు తాగి, ఇల్లనుకుని పోస్టాఫీసులో పడుకున్నాడు." పైడి నవ్వుతాడు. తరువాత ఏదో గుర్తొచ్చినవాడిలా గ్లాసు కింద పెడతాడు. "అయినా ఇప్పుడు నేనూ పూర్వీకుణ్ణేగా బావా. నాకు అభ్యంతరం లేదు. రాసుకో."

రాసుకుందామని జోగారావు జేబు తడుముకుంటే సుద్దముక్క చేతికొస్తుంది. బారు బల్ల పొడుగు పెరిగి ప్రయోగశాల బల్ల అయిపోయింది, టికీలు బెంచీల మీద సర్దుకుని కూర్చున్నాయి, ఆయన ఏ పేరు పిలిచినా అన్నీ కలిసి ఒక్క గొంతుతో "ప్రెజెంట్ సార్" అంటున్నాయి. చిట్టచివరి స్టూలు మీద మాత్రం ఒక దుంగ, ఒళ్ళంతా తడి గోనెపట్టా చుట్టుకుని తల ఒక్కటీ బయటపెట్టి, పలకకుండా కూర్చుంది. దానికి కళ్ళున్నాయి. నోరు లేదు.

ఆ దుంగ కోసమే తాను వచ్చానని జోగారావుకు అప్పుడు జ్ఞాపకం వస్తుంది.

అది గంగరావి. తీగలకు అడ్డం వస్తోందని వీధి చివర కరెంటువాళ్ళు కొట్టేసిన కొమ్మను పైడి రిక్షా మీద ఊరేగించుకుని తెచ్చాడు. విశాఖ ఒడ్డున పెరిగే ఈ చెట్టే ఆ దీవుల ఒడ్డునా పెరుగుతుందనీ, అక్కడి చెక్కడంవాళ్ళకు ఇది ప్రాణమనీ మురిసిపోయాడు. ముఖంవైపు బెరడు తీసి, కళ్ళు రెండూ చెక్కి, నోరుండాల్సిన చోటు ఖాళీగా వదిలి, "తడి ఆరనివ్వకు బావా, పచ్చికొయ్య ఒక్కసారిగా ఆరితే పగిలిపోద్ది," అని అప్పగించి, ఆ మర్నాడే పోయాడు. అది మొదలు జోగారావు రోజూ ఉదయం మేడెక్కి గోనె మీద చెంబుతో నీళ్ళు పోస్తున్నాడు. ఎవరైనా దాన్ని అభిషేకం అంటే ఒప్పుకోడు. పగుళ్ళ నివారణ అంటాడు.

"వచ్చే ఆదివారం నీ ఓడల స్నేహితులు వస్తున్నారు," అంటాడు జోగారావు. "బారు ఇంకొక్కసారి తెరవాలంది మీ అక్క. ఆలోగా దీనికి నోరు పెట్టమంది. 'ఆ కళ్ళేసుకుని నన్నే చూస్తాడండీ, ఒక్క మాట అనడు, నేను ఓర్చుకోలేను' అంది. చెయ్యవలసింది నేను. ఒక్క గాటు తప్పుపడినా, నీ చెయ్యి చివరగా తాకినది నా చేతిలో పాడైపోతుంది. అందుకని అడుగుతున్నాను, సూటిగా చెప్పు. ఇది ఎవరి ముఖం? దీని నోరెలా ఉండాలి?"

పైడి దుంగ దగ్గరకు వచ్చి, దాన్ని ఎప్పుడూ చూడనట్లు చూస్తాడు. "నీకేం అనిపిస్తోంది?"

"నాకు అనిపించేదాన్ని అడగడం లేదు. నీకు తెలిసినదాన్ని అడుగుతున్నాను."

"మా నాన్నదా?"

"నన్నడుగుతావేం?"

"పోనీ, మా పాత చీఫ్ ఇంజనీరుది? కాదా? అయితే నీదే అయుంటది బావా, చూడు, నుదురు కొంచెం పెద్దమనిషి నుదురులా లేదూ?" అంటూ ఒక్కొక్క జవాబుకూ జోగారావు ముఖం వైపు చూస్తాడు, ఏది సరైనదో ఆ ముఖంలో కనబడుతుందేమోనని, వైవాలో పాఠం రాని విద్యార్థులు అచ్చంగా అలాగే చూసేవారు.

"సున్నా," అంటాడు జోగారావు.

"చచ్చినవాడికి గ్రేసు మార్కుల్లేవేటి?"

"లేవు."

"మరి నీకే తెలియనిది నేనెక్కణ్ణుంచి తెచ్చి చెప్పను బావా?" పైడి స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుంటాడు. "ఇది నీ కల. ఈ వెదుళ్ళు నీవి, ఈ నీళ్ళు నీవి, అవి తడపకపోవడం కూడా నీదే. నేనూ నీ సామానే."

ఇంతకంటే సరైన సమాధానం తన విద్యార్థులెవరూ ఏనాడూ చెప్పలేదు. పోయినవాళ్ళు కలలోకి రారు, వచ్చేది మన జ్ఞాపకమేనని తాను జీవితాంతం సభల్లో చెప్పిన మాటే, ఒక్క అక్షరం పొల్లు పోకుండా. దానికి సంతోషించాలో, ఆ మాట ఈ నోటి నుంచే వినవలసి వచ్చినందుకు ఏడవాలో తెలియక, జోగారావు సుద్దముక్కను వేళ్ళ మధ్య తిప్పుతాడు. ఎక్కడో డెక్కు మీద ఆరేసిన బట్టలు పటపటమంటున్నాయి.

"అయితే నువ్వు పైడివి కావన్నమాట," అంటాడు.

"నీకు గుర్తున్నంత మేరకు నేనే."

"గుర్తులేనంత?"

"అది పోయింది బావా," అని నెమ్మదిగా, అలవాటైన చేత్తో, నిమ్మరసంలో చిటికెడు ఉప్పు వేసి కలిపి ముందుకు జరుపుతాడు. "తాగు. పంచదార ఎక్కువైందని తిట్టు. ఎన్నాళ్ళైందో తిట్టి."

జోగారావు తాగుతాడు. పంచదార నిజంగానే ఎక్కువైంది. "నీ మొహం. ఇది నిమ్మరసమా, పాకమా?" అంటాడు, పైడి హాయిగా కళ్ళు మూసుకుని వింటాడు.

తరువాత ఉలి జోగారావు చేతిలో ఉంది, ఎప్పుడు తీసుకున్నాడో ఆయనకు తెలియదు. బల్ల మీద దుంగ వెల్లకిలా పడుకుని ఉంది, ఖాళీ చోటు మీద మొన ఆనించాడు, కొయ్యసుత్తి ఎత్తాడు, ఎత్తిన చెయ్యి ఎంతకీ కిందికి రావడం లేదు. పైడి వెనక నుంచి వచ్చి ఆ మణికట్టు పట్టుకుంటాడు. ఆ పట్టు వెచ్చగా ఉంది, కొంచెం గ్రీజు వాసన వేస్తోంది.

"ఉండుండు. ముందు విననీ."

ఓడలో ఇంజను బేరింగు ఎలా ఉందో తెలుసుకోవడానికి స్క్రూడ్రైవరు మొనను ఇనుముకు ఆనించి, పిడిని చెవికి ఆనించుకుని వినేవాడట. ఇప్పుడు ఉలిని అలాగే పట్టుకుని, మొన దుంగ మీద, పిడి చెవి మీద పెట్టి, డాక్టరులా పెదవులు బిగించి వింటాడు. టికీలన్నీ మెడలు సాచాయి. సముద్రం కూడా కాస్త ఆగినట్లుంది.

"ఇంకా తాగుతోంది బావా."

"ఏది?"

"ఇదే. తాగేవాణ్ణి మధ్యలో లేపకూడదు. ఏ రేవుకెళ్ళినా బారు మర్యాద అదొక్కటే."

"దుంగ తాగడమేమిట్రా, చదువుకున్నవాడివి!" జోగారావుకు పట్టరాని ఉత్సాహం వస్తుంది, ఇద్దరి మధ్యా పాత వాదన మళ్ళీ రాజుకున్నందుకు. "నీళ్ళు కొయ్యలో పైకి ఎక్కాలంటే పైన ఆవిరై పోవడానికి దారి ఉండాలి. ఆకులుండాలి. ఏవీ ఆకులు? చూపించు!"

పైడి రెండు చేతులూ చాచి, భుజాలెగరేసి, ఓడిపోయినప్పుడల్లా నవ్వే ఆ నవ్వు నవ్వుతాడు. "ఆ సంగతి నువ్వే చూసుకోవాలి. నాకు సున్నా వచ్చిందిగా," అని తువ్వాలు భుజాన వేసుకుంటాడు. "ఉండు, కింద మోటారు ఆడుతున్నట్టుంది, ట్యాంకు పొర్లిపోద్ది, ఆపేసొస్తా." అతను మెట్ల వైపు నడుస్తుంటే నీళ్ళు అతని వెంటే సర్దుకుని పోతున్నాయి, టికీలు బెంచీల మీంచి లేచి దారి ఇస్తున్నాయి, "పైడీ, ఇంకొకటి అడగాలిరా," అని జోగారావు అంటూనే ఉన్నాడు, ఏమిటా ఇంకొకటి అన్నది ఎంత వెతికినా దొరకడం లేదు, మోటారు చప్పుడు మాత్రం దగ్గరవుతోంది.

చప్పుడు కింది నుంచే వస్తోంది. మధ్యాహ్నం ఎండ తడికల సందుల్లోంచి నేలమీద చారలుగా పడింది. జోగారావు మేడమీది బారులో పేము కుర్చీలో ఉన్నాడు, ఒళ్ళో ఉలి ఉంది, ఎదురుగా గోనె చుట్టుకున్న దుంగ తన కళ్ళతో ఆయననే చూస్తోంది. భోజనం చేసి, ఈరోజు ఎలాగైనా మొదలుపెడదామని కూర్చున్నవాడు కూర్చున్నట్లే నిద్రపోయాడు.

మోటారు ఆగింది. మెట్ల మీద అడుగులు. వరాలు టీ గ్లాసుతో వచ్చి, ముందు దుంగ వైపు చూసి, తరువాత ఆయన వైపు చూసింది.

"మొదలుపెట్టలేదా?"

"పెడుతున్నా."

"మీవల్ల కాకపోతే చెప్పండి. ఎవరైనా వడ్రంగిని పిలుద్దాం. నాకు వాడు నోరు తెరిస్తే చాలు."

"వడ్రంగి వద్దు," అని జోగారావు లేచాడు. ఇన్నాళ్ళూ పైనుంచి నీళ్ళు పోయడమే తప్ప గోనెను పూర్తిగా విప్పింది లేదు. తాడు ముడి విప్పి, పట్టాను ముందువైపు నుంచి ఒలిచి, వెనక్కి తీయబోతే అది దేనికో తట్టుకుని ఆగింది. మెల్లగా దుంగను పక్కకు తిప్పాడు.

వెనకవైపు పైడి తీయకుండా వదిలేసిన బెరడు మీద, జానెడు ఎత్తులో, ఒక బుడిపె పగిలి లేతాకులు రెండు బయటికి వచ్చాయి. వెలుతురు లేక పాలిపోయి ఉన్నాయి. చిటికెన వేలి గోరంతైనా లేవు, అప్పుడే రావి ఆకు ఆకారం తెలుస్తోంది. ఒకదాని కొసకు గోనె పీచు చుట్టుకుని ఉంది.

వరాలు గ్లాసుతోనే దగ్గరికి వచ్చింది. "ఏమిటండీ ఇది?"

"చిగురు," అన్నాడు. చెప్పవలసినదంతా ఆయనకు తెలుసు: గంగరావి కొమ్మ తడిలో ఉంచితే చిగురిస్తుంది, ఈ మధ్య గోనె తొందరగా ఆరిపోతోందని ఆయన చేతికి తెలుసు, తడిమినప్పుడు వేళ్ళకు తగిలిన గరుకును మనసు పట్టించుకోకుండా దాచుకుని ఉంటుంది, దాచుకున్నదాన్ని నిద్రలో పైడి గొంతుతో వినిపించి ఉంటుంది. ఇందులో వింత ఏదీ లేదు. అయినా ఉలిని తీసుకెళ్ళి మిగతా ఉలుల పక్కన పెట్టి వచ్చాడు.

"ఇప్పుడు చెక్కితే?" అంది వరాలు.

"ఎండిపోతుంది. దెబ్బలకు తట్టుకోదు. దీన్ని నాటాలి."

ఆమె ఆ కళ్ళ వంక చూసింది. తరువాత టీ గ్లాసు బారు బల్ల మీద పెట్టి, వంగి, ఆకు కొసకు చుట్టుకున్న పీచును రెండు వేళ్ళతో, పసిపిల్లల కంట్లో పడ్డ నలుసు తీసినట్లు, తీసింది.

"అయితే ఆదివారం వచ్చేవాళ్ళకు ఫోను చెయ్యండి," అంది. "సీసాలు పట్టుకురావద్దనండి. మనిషికో సంచీ మట్టి తెమ్మనండి."