సూది మొన

బట్టల ఫ్యాక్టరీలో కుట్టు మిషన్ల హోరులో సూది విరిగిన చప్పుడు ఎవరికీ వినపడదు. పక్క మిషన్ మీదున్న చిన్నకోడలికి మాత్రం వినపడింది. తల తిప్పి చూస్తే తోటికోడలు, ఆ ఇంటి పెద్దకోడలు, గుట్టుచప్పుడు కాకుండా కొత్త సూది బిగించుకుంటోంది.

"అక్కా, విరిగిన మొన దొరికిందా?"

"ఎక్కడో కింద పడుంటుందిలే. నీ పని నువ్వు చూసుకో."

కుడుతున్నవి చంటిపిల్లల గౌన్లు. సూది విరిగితే ముక్కలన్నీ ఏరి సూపర్‌వైజరుకు చూపించాకే మళ్లీ మిషన్ తొక్కాలి. ఆ సూపర్‌వైజరును వెనకాల అందరూ కత్తెరమ్మ అంటారు, మాట కూడా కత్తిరించే మాట్లాడుతుందని. పెద్దకోడలికి ఈమధ్య చూపు ఆనడం లేదు. ఇంకోసారి సూది విరిగితే మిషన్ మీంచి లేపి దారాలు కత్తిరించే బల్ల దగ్గర కూర్చోబెడతానని కత్తెరమ్మ మొహం మీదే చెప్పేసింది. కాపురానికొచ్చిన కొత్తలో చిన్నకోడలికి చెయ్యి పట్టి కుట్టు నేర్పింది ఈ తోటికోడలే.

చిన్నకోడలు వంగి ఆవిడ మిషన్ కింద అయస్కాంతం తిప్పింది. దుమ్మూ, గుండుసూదులూ తప్ప ఏమీ రాలేదు. లేచేసరికి బల్ల మీద గౌన్ల కట్ట లేదు. ప్యాకింగ్ వాళ్లు పట్టుకుపోయారు.

తోటికోడలి వైపు చూసింది. ఆవిడ తలెత్తలేదు. గది చివర అట్టపెట్టెకు టేపు అంటిస్తున్నారు.

పరుగున వెళ్లి పెట్టె మీద రెండు చేతులూ వేసింది. "ఆపండి! ఇందులో సూది ముక్క ఉండొచ్చు."

ఒక్కొక్క మిషనే ఆగింది. కత్తెరమ్మ విసవిసా వచ్చింది. "ఎవరి మిషన్?"

నాదేనని అనేస్తే సరిపోతుందనుకుంది చిన్నకోడలు, అనబోయింది కూడా.

"నాదేనండీ," అంటూ పెద్దకోడలు వచ్చి గౌన్లన్నీ బల్ల మీద కుమ్మరించింది. కళ్లతో పని లేనట్టు ఒక్కోదాన్నీ వేళ్లతో తడుముతూ పోయింది. ఒక గౌను మెడ కుచ్చుల దగ్గర "స్స్" అంది. తెల్లగుడ్డ మీద నెత్తుటి చుక్క తేలింది.

కత్తెరమ్మ ఆ మొనను అరచేతిలో వేసుకుని చాలాసేపు చూసింది. తిట్టలేదు. "రేపట్నుంచి దారాల బల్ల," అని మాత్రం అంది.

సాయంత్రం ఇంటికి వెళ్తూ పెద్దకోడలు నాలుగడుగులు ముందే నడిచింది. వీధి మలుపులో ఆగి, వెనక్కి తిరక్కుండానే అంది.

"నువ్వు లేవకపోయినా నేను చెప్పేదాన్నే."

"తెలుసక్కా," అంది చిన్నకోడలు. నిజానికి తెలియదు. అయినా ఆ మాట అనకుండా ఉండలేకపోయింది.

పెద్దకోడలు ఆమె తన పక్కకు వచ్చేదాకా ఆగి, "నడు, అన్నం వండాలి," అంది.