నిద్రకు ఎదురుగా ఉన్న గడి

గ్లెనిస్ పాస్కో రక్తపోటు పట్టీ చుట్టేసరికి కాలిన్ ట్రెజైజ్ మూడో జోకు మొదలుపెట్టాడు. ఇద్దరూ మూంటా బడిలో కలిసి చదువుకున్నవాళ్లు. ఇప్పుడామె ఆ ఊరి క్లినిక్‌లో నర్సు, అతను బార్లీ రైతు. ఎండకు పగిలిన మెడ, గోళ్ల సందుల్లో ఆరని ఎర్ర రంగు. ఇరవై ఎనిమిదేళ్లుగా ఆమె చేసేది ఒకటే: బరువు చూడటం, పట్టీ చుట్టడం, కాగితం నింపి లోపలికి పంపడం. డాక్టరు మాటకు ఏనాడూ ఎదురు చెప్పలేదు, చెప్పాలని అనుకోనూ లేదు.

ఆరు వారాల క్రితం కాలిన్ ఇదే కుర్చీలో గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. దిగులుకు డాక్టరు మాత్రలు రాశాడు. ఇవాళ నోరు మూతపడటం లేదు. "కోలుకున్నాడమ్మా, షెడ్డంతా ఒక్కడే రంగేశాడు" అని పొద్దున బేకరీలో అందరూ మురిసిపోయారు. ఈ సీమలో పని చేసేవాడికి జబ్బున్నట్టు లెక్కే కాదు.

"నిద్ర పడుతోందా?"

"నిద్రెక్కడిదే తల్లీ! నాలుగు రోజులైంది. కోతలన్నాక తప్పుతుందా?"

కోతల్లో ఇక్కడెవరూ సరిగా నిద్రపోరు. నిద్రకు ఎదురుగా ఉన్న గడిలో 'కోతలు' అని రాసి వదిలేయడం నర్సులందరికీ అలవాటే. ఆమె చెయ్యి కూడా సగం రాసింది. అంతలో పెన్ను ఆపింది. ఇది ఫిబ్రవరి. బార్లీ క్రిస్మస్‌కు ముందే గోదాములకు చేరింది. పొలాల్లో మోళ్లు తప్ప ఏమీ లేవు.

"మరి అలసట?"

"కాళ్లు ఆగితే కదా అలసట! బుర్రలో పది రేడియోలు ఒక్కసారే మోగుతున్నాయి." నవ్వుతూనే ఉన్నాడు, కళ్లు మాత్రం తడిగా ఉన్నాయి. "లోపల చచ్చి చాలా రోజులైంది గ్లెనిస్. ఒంటికే ఆ సంగతి తెలీదు."

దిగులు పోలేదు. దాని మీద ఈ హుషారు వచ్చి కూర్చుంది. చచ్చిపోవాలనుకునేవాడికి ఆ పని చేసే సత్తువ కూడా వచ్చింది. ఆమె కాగితం తీసుకుని లేచింది.

"రెండు నిమిషాలు కూర్చో. కదిలావో, ఊరుకోను."

లోపల కుర్ర డాక్టరు ఆమె నింపిన ప్రశ్నల కాగితం చూశాడు. "దిగులు మార్కులు బాగా తగ్గాయిగా సిస్టర్. అవే మాత్రలు వాడమనండి."

"బాగాలేడు డాక్టరుగారూ. ఏడుపూ హుషారూ రెండూ కలిసి పట్టుకున్నాయి. మీరొచ్చి ఆ నిద్ర సంగతి అడగండి. అడిగేదాకా నేనిక్కణ్ణుంచి కదలను."

డాక్టరు ఆమెను వింతగా చూసి లేచాడు. అరగంట అడిగాడు: ఇలాంటి హుషారు ఇదివరకు వచ్చిందా, ఇంట్లో ఇంకెవరికైనా ఉందా, చచ్చిపోవాలనిపిస్తోందా అని. చివరి ప్రశ్నకు కాలిన్ జోకు వేయలేదు. డాక్టరు అడిలైడ్‌లోని పెద్దాసుపత్రికి ఫోను చేశాడు.

మధ్యాహ్నానికి అంబులెన్సు వచ్చింది. "చాడీలు చెప్పే బుద్ధి బళ్లో నుంచీ ఉంది నీకు" అని గొణుగుతూ కాలిన్ ఎక్కాడు. వెనక్కి తిరిగి చూడలేదు. ఆ మాట ఆమెకు ముల్లులా గుచ్చుకుంది.

కుర్చీ సర్దబోతే, అతని జేబులోంచి జారిన మడత కాగితం కనబడింది. అంబులెన్సు మాట పుట్టకముందే పక్కింటివాళ్లకు రాసి ఉంచుకున్నది. "శనివారం నుంచి కుక్కకు మీరే అన్నం పెట్టాలి. పూటకు రెండు గుప్పెళ్లు చాలు. ఉరుములంటే దానికి భయం, అప్పుడు మాత్రం ఇంట్లో పడుకోనివ్వండి."