బంచరాయి అనుకున్న నేల

నేలను చూస్తే చాలు, దాని జాతకం చెప్పగలనని నాకు పొగరు. గల్ఫుకు రాకముందు ఆరేళ్లు మా మండలంలో సర్వేయర్ వెంట కొలత గొలుసు పట్టాను మరి. ఇది పట్టా, ఇది చెరువు నీళ్లు నిలిచే శిఖం, ఇది ఊరి పశువులన్నీ మేసే బంచరాయి అని గట్టు మీద నిలబడే చెప్పేవాణ్ని. ఖతర్‌కు వచ్చి పదకొండేళ్లయింది. ఉమ్ సలాల్‌లో ఖర్జూరపు తోటకు నీళ్లు పెట్టి బతుకుతున్నా ఆ పొగరు మాత్రం తగ్గలేదు.

మొన్న ఏప్రిల్‌లో ఇక్కడ గట్టి వాన పడింది. మా తోట పక్కన ఒక ఖాళీ జాగా ఉంది. మూడు వైపులా గోడ, నాలుగో వైపు ఏమీ లేదు. రెండు వారాల తర్వాత ఒక శుక్రవారం పొద్దున అటు చూస్తే నేలంతా గంగవాయిలి కూర! ఎర్రటి కాడలు, బొద్దు ఆకులు, నిగనిగలాడుతున్నాయి. పప్పులో వేసిన ఆ పులుపు నోట్లోకి వచ్చేసింది.

మా అమ్మ నర్సవ్వ వానాకాలం పొద్దున్నే కూరకు పోయేది. నన్నూ వెంటబెట్టుకునేది. ఎవరి గట్టు అని చూసేది కాదు, బంచరాయి అయితే ఇక చెప్పేదే లేదు. పటేలు ఎదురైనా "కూరకచ్చినవా నర్సవ్వా?" అని పలకరించి తన దారిన పోయేవాడు. పంట ముట్టనంతవరకు, ఒడిలో కూర నింపుకున్న ఆడమనిషిని మా ఊళ్లో ఎవరూ ఆపేవారు కాదు. తడిసిన చీర అంచు, మట్టి వేళ్లు, ఆమె వెనక నేను. ఆ పొద్దులంటే నాకు ఇప్పటికీ ప్రాణం.

నాలుగో వైపు గోడ లేదు, దున్నిన జాడ లేదు. బంచరాయే అని తీర్పు చెప్పుకుని సంచితో దిగాను. సగం నిండిందో లేదో, కావలి కాసే అతీఖ్ పరుగున వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఏ జమీన్ కిస్కీ హై, మాలూమ్? మాలిక్ ఆ రహా హై. పోలీస్ బులాయేగా."

యజమాని వస్తున్నాడు, పోలీసులను పిలుస్తాడు అనేసరికి దిగింది పొగరు. ఈ దేశంలో దిక్కులేని నేల ఎక్కడుంది? ఒకరి పేరున లేకపోతే సర్కారుది, అదీ కాకపోతే ధర్మానికి రాసిచ్చింది. పరదేశులు కొనుక్కోదగ్గ చోట్లూ ఉన్నాయట, సముద్రం ఒడ్డున మేడలు. వాటితో నాకేం పని? నాలుగో గోడ కట్టకపోవడం యజమాని ఇష్టం, అంతేగానీ నన్ను రమ్మని పిలిచినట్టు కాదు. కేసు పెడితే కంపెనీ నన్ను ఇంటికి పంపేస్తుంది, మళ్లీ రానివ్వరు. పిడికెడు కూరకు పదకొండేళ్ల కొలువు!

యజమాని ముసలాయన. కారు దిగి కర్ర ఊతంతో వచ్చి, ఎందుకొచ్చావని హిందీలోనే అడిగాడు.

"మాఫీ మాలూమ్, బాబా," తెలియక వచ్చానని సంచి ఆయన ముందు పెట్టాను. మా ఊళ్లో కంచె లేని నేలలో కూర ఎవరైనా తెంపుకుంటారని, అలాగే అనుకున్నానని వచ్చీరాని అరబ్బీలో చెప్పుకున్నాను.

ఆయన ఒక కాడ తీసి నమిలాడు. తన చిన్నప్పుడు ఇక్కడ గోడలే లేవన్నాడు. తర్వాత నా మొహంలోకి చూసి, మీ ఊళ్లో ఇప్పటికీ తెంపుకుంటారా అని అడిగాడు.

అవునంటే బతికిపోతాను. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ లేదన్నాను. ఆ బంచరాయి ఎవరికో రాసిచ్చేశారని, కొలిచిన రోజు గొలుసు పట్టింది నేనేనని చెప్పాను.

చెప్పనిది ఒకటుంది. ఆ రోజు హద్దురాళ్లు పాతుతుంటే అమ్మ కూరకు వచ్చింది.

"జర్రంత తెంపుకోని పోత బిడ్డా," అంది.

సర్వేయర్ నా వైపే చూస్తున్నాడు.

"గిది ఇగ మనది గాదే అవ్వా. పో," అన్నాను, అందరి ముందు.

ముసలాయన సంచిని కర్రతో నా వైపు నెట్టాడు. "నింపుకో. ఇకనుంచి అతీఖ్‌ను అడిగి రా," అన్నాడు. అతీఖ్ నా చెయ్యి వదిలాడు.

కూర్చుని తెంపుతుంటే కళ్లు కనిపించలేదు. ఏడుస్తూనే తెంపాను. ఆ రోజు తర్వాత అమ్మ మళ్లీ కూరకు పోలేదు. చనిపోయేదాకా పోలేదు. ఎందుకు పోవడం లేదని నేను ఒక్కసారీ అడగలేదు.