వెర్మాంట్ కుర్చీ

లిండ్‌క్విస్ట్ సారు ప్రభుత్వం పాఠం చెప్పే తీరు ఊరంతటికీ తెలుసు. పుస్తకాలు మూయించి క్లాసునే అమెరికా ఎగువసభ సెనేట్‌గా మార్చేస్తాడు. పిల్లకో రాష్ట్రం, రాష్ట్రానికో కుర్చీ. నెబ్రాస్కా పొలిమేర దాటని పిల్లలు కూడా హవాయీ తరఫున గొంతు చించుకుని పోట్లాడాల్సిందే.

వెర్మాంట్ రాష్ట్రం మాలరీది. అక్టోబరులో ఒక సాయంత్రం కంకర రోడ్డు మీద జింకను తప్పించబోయి మాలరీ కారు పక్కనున్న ఎండు గోతిలో బోల్తాపడింది. బంగారంలాంటి పిల్ల పోయింది, కుర్చీ మిగిలింది. సెనేట్ ఓటేసి ఖాళీ అని తేల్చేదాకా పేరు కొట్టేయకూడదని సారు నియమం. అందుకని రోజూ హాజరులో "వెర్మాంట్" అని పిలుస్తూనే ఉన్నాడు. క్లాసంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో, ఆ కుర్చీకి ముందు కూర్చునే బ్రెన్నాకి మాత్రం వీపు వెనక నుంచి "ఉన్నా" అని వినిపించేది. అచ్చం మాలరీ గొంతే, నిద్రమత్తు తీరని గొంతు.

వినిపించదూ మరి! ఆ సాయంత్రం స్నేహితురాల్ని రమ్మన్నది బ్రెన్నాయే. ఏమీ తోచక, "ఏడుస్తున్నానే, వెంటనే రా" అని అబద్ధం మెసేజ్ పెట్టింది. చదవగానే చెరిగిపోయే రకం అది. మాలరీ ఆ దారిన ఎవరింటికి బయల్దేరిందో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. చెబితే ఊళ్ళో తలెత్తుకోలేనని బ్రెన్నా భయం. చెప్పకపోతే ఆ గొంతు వదిలేలా లేదు.

ఫిబ్రవరిలో కొత్తమ్మాయి ఒకతె చేరింది. ఏడాది మొదట్లో పంచిన కుర్చీలు తప్ప కొత్తవి వేయడం సారు నియమాల్లో లేదు. ఆమెకు రాష్ట్రం లేదు, రాష్ట్రం లేనిదే మార్కులూ లేవు. పాపం, ఎన్నాళ్ళని గోడవారన కూర్చుంటుంది? ట్రెంట్ అనే కుర్రాడు లేచి, తల వంచుకుని, వెర్మాంట్ స్థానం ఖాళీ అయిందని తీర్మానం పెట్టాడు.

పేరు కొట్టేస్తే ఆ పిలుపూ ఉండదు, బ్రెన్నాకి ఆ గొంతూ వినిపించదు. వణికించినా సరే, మాలరీది ఆ గొంతొక్కటే మిగిలింది. బ్రెన్నా వెంటనే చెయ్యెత్తి లేచింది. సెనేట్‌లో ఒకసారి మాట అందుకున్నవాళ్ళు నిలబడి మాట్లాడుతున్నంతసేపూ ఎవరూ ఆపకూడదు. గంట కొట్టేదాకా లాగితే తీర్మానం ఇవాళ్టికి ఆగిపోతుంది.

"ఇంకా అరగంట ఉందే తల్లీ, ఏం మాట్లాడతావ్?" అన్నాడు ట్రెంట్.

"నా ఇష్టం. నీకేం నొప్పి?"

మధ్యాహ్నం భోజనాల జాబితా చదివింది. బస్సు వేళలు చెప్పింది. తర్వాత మాలరీ కబుర్లు మొదలెట్టింది, అది ఈత పోటీలో కళ్ళద్దాలు పారేసుకున్న సంగతి, టీచర్లను అనుకరించిన సంగతి. కాసేపు అందరూ నవ్వారు కూడా. ఇంతలో మెడ మీద చల్లటి ఊపిరి తగిలింది. షాంపూ వాసన. వెనక్కి తిరిగి చూసే ధైర్యం లేక బ్రెన్నా ఇంకా ఇంకా వేగంగా మాట్లాడింది.

"దానికి ఒళ్ళంతా తొందరే. ఆ రోజూ అంతే, తల తడి ఆరకుండానే కారెక్కేసింది..."

కిటికీ పక్క నుంచి కోల్బీ లేచాడు. మాలరీ కవల తమ్ముడు. అక్క పోయాక క్లాసులో నోరు విప్పనివాడు.

"సెనేటర్ ఒక ప్రశ్నకి ఒప్పుకుంటారా?" అన్నాడు నియమం ప్రకారం.

ఒప్పుకోనంటే సరిపోయేది. ఆ ఊపిరి ఇంకా మెడ మీదే ఉంది.

"ఒప్పుకుంటున్నా."

"ఆ రోజు మేమంతా మొక్కజొన్న కోతలో ఉన్నాం. ఇంట్లో అదొక్కతే. తల తడిగా ఉందని నీకెవరు చెప్పారు?"



"అదే చెప్పింది," అంది బ్రెన్నా. "తల తడిగా ఉంది, అయినా వస్తున్నా అని. రమ్మన్నది నేనే కోల్బీ. ఏడుస్తున్నానని చెప్పా. ఏడవలేదు. నాకేమీ కాలేదు. ఊరికే, తోచక పిలిచా."

కోల్బీ అరుస్తాడనుకున్నారు అందరూ. అరవలేదు.

"మా అమ్మ ప్రతి ఆదివారం ఆ రోడ్డు మీద ఇంటింటికీ వెళ్ళి, మా పిల్ల ఆ రోజు మీ ఇంటికేనా వస్తోంది అని అడుగుతోంది. మీ ఇంటికీ వచ్చింది. ఏం చెప్పావే?"

"తెలీదన్నా."

"ఇంటికొచ్చి ఏమందో తెలుసా? పాపం బ్రెన్నా చిక్కి సగమైపోయిందిరా, దాన్ని మాత్రం ఏమీ అడిగి బాధపెట్టకు అంది."

బ్రెన్నా కుర్చీ మీది కోటు అందుకుంది. తొడుక్కుంటూ అడిగింది.

"మీ అమ్మ ఇప్పుడు ఇంట్లోనే ఉంటుందా?"

"ఉంటుంది," అన్నాడు కోల్బీ.