లోపలి నేల

…అనే ముందు ఆమె కాస్త తటపటాయించింది, అదుగో, రికార్డింగులో కప్పు కింద పెట్టిన చప్పుడు, కాసేపు మౌనం, ఆ తర్వాతే లోపలి నేలలో షూటింగులు బాగానే జరుగుతున్నాయండీ అంది, చైనావాళ్ళు తమ దేశానికి వాడే మాట అది, అవతలి ఒడ్డు అని తైవాన్‌లో మనందరిలా అనలేదు, ఇక్కడే తైనాన్‌లో చేపగంజి తాగి పెరిగిన పిల్ల, చైనా లోపలి నేలైతే మరి మనమేమిటి, బయటి అరుగా, యూ-చిన్‌కి ఒళ్ళు మండి రికార్డింగు మళ్ళీ వెనక్కి జరిపింది, నటి లాన్-షిన్ మీద వ్యాసం సాయంత్రానికల్లా అచ్చుకి వెళ్ళాలి, మొదటి వాక్యమే తెగడం లేదు, తైవాన్ నటి అని రాస్తే అక్కడ ఆమె సీరియల్ ఆపేస్తారు, చైనా నటి అంటే ఇక్కడ ఆమె సినిమాకి ఒక్కడూ రాడు, ఎడిటర్ చువాంగ్ గారేమో చైనా సంతతి నటి అని రాసెయ్యమ్మా, గొడవుండదు అంటాడు, ఉండదట, ఆయన తమ్ముడికి చైనాలో, షియామెన్‌లో షాపుంది, ఎవరికి గొడవ ఉండదో తెలియదూ, ఆ పిల్ల మాత్రం తక్కువదా, వెళ్తూ వెళ్తూ చెయ్యి పట్టుకుని అక్కా, నన్నేమని రాస్తారు అంది, పైకి నవ్వు, మాట మార్చేసుకున్నదానివి నన్నడగడం దేనికే, ఎవరు నేర్పి పంపారు నిన్ను.

సరే, తన నోటితో తనే అందిగా, చైనా నటి అనే రాద్దాం, టైపు చేసేసింది, ఆమె అన్న లోపలి నేల మాటని ఉన్నదున్నట్టు దించాలి, ప్రశ్నతో సహా, లేకపోతే రేపు నేనలా అనలేదంటుంది, ఈసారి ఇంకాస్త వెనక్కి జరిపింది, అయితే లోపలి నేలలో పనెలా ఉందమ్మా, ఎవరిదీ గొంతు, తేనె పూసినట్టు, అయ్యో, తనదే, అక్కడ పేరు తెచ్చుకున్న పిల్ల కదా, వాళ్ళ మాట వాడితే మనసు విప్పుతుందనుకుంది, అనుకుని మరిచేపోయింది, ఆ తర్వాత కప్పు చప్పుడు, ఆ తర్వాత మౌనం, ఇందాకటినుంచీ టక్కరితనమని తిట్టుకుంటున్న మౌనం, అందులో లాన్-షిన్ తలెత్తి చూసిన చూపు ఇప్పుడు గుర్తొస్తోంది, ఈవిడ ఎవరి మనిషి, ఎవరికి చేరవేస్తుంది అని కొలుచుకుంటున్న చూపు, తైనాన్ పిల్లే, అవతలి ఒడ్డు అన్న సొంత ఊరిమాట నాలుక చివరదాకా వచ్చే ఉంటుంది, మింగేసి, అడిగినావిడ మాటే మర్యాదగా తిరిగి అప్పజెప్పింది, అందుకే ఆ చెయ్యి పట్టుకోవడం, అందుకే ఆ అక్కా, యూ-చిన్ టైపు చేసిన మాట వంక చూసింది, సిగ్గేసింది, ఆ పిల్ల భయపడింది చైనాకీ కాదు, తైవాన్‌కీ కాదు, తనకి.