బయ్యమ్మ పరిచిన గుడ్డ

తోట ఊడ్చడం సగానికి వచ్చింది. బయ్యమ్మ నడుము వంచి, ఎడమచేయి మోకాలి మీద ఆనించి, కుడిచేత్తో పొరక ఆడిస్తోంది. టమాటా మొక్కల మధ్య పరిచిన తెల్లగుడ్డ మీద గాలికి వచ్చి పడిన కానుగాకులు, దుమ్ము, గడ్డిగింజలు ఒక పక్కకు పోగవుతున్నాయి. ఇల్లు ఊడ్చేవాళ్ళున్నారు, వాకిలి ఊడ్చేవాళ్ళున్నారు. పైరున్న మడిని ఊడ్చే మనిషి మాత్రం పుంగనూరు నుంచి మదనపల్లె దాకా వెతికినా ఈమె ఒక్కతే. పైరుకు పొరక చూపిస్తే లక్ష్మి లేచిపోతుందని ఊళ్ళో పెద్దవాళ్ళు భయపెట్టారు కూడా.

"లేసిపోయేదైతే నా మొగుడు పోయిన నాడే పోయింటాది. పదకొండేండ్లు ఈడ కూసోని ఏం జేస్తాంటాది?" అని బయ్యమ్మ వాళ్ళ నోళ్ళు మూయించింది.

మడి ముప్పై సెంట్లు. అది ఎనభై నాలుగో సంవత్సరం, చలి తగ్గి ఎండ ముదురుతున్న రోజులు. మట్టి ఎగదోసి కట్టిన ఒక్కొక్క బోదె మీదా ఒక్కొక్క పొడవాటి గుడ్డ, గుడ్డకు మూరకొక రంధ్రం, రంధ్రానికొక టమాటా మొక్క. గుడ్డంటే అంగట్లో కొన్న గుడ్డ కాదు. ఖాళీ యూరియా సంచులు. పుంగనూరు సంతలో ఏరి తెచ్చి, మూడు నీళ్ళలో ఉతికి, కుట్లు విప్పి, దబ్బనంతో జోడించి కుట్టినవి. నీళ్ళు దిగుతాయి, వెలుగు దిగదు. వెలుగు లేకపోతే కలుపు ఏం తిని బతుకుతుంది?

ఇంత తెలివి ఆమెకు చదువుకుని రాలేదు. మోకాళ్ళు నేర్పించాయి. పన్నెండో ఏట తల్లి పక్కన కలుపుకు కూర్చుంది. యాభై మూడో ఏట లేవబోతే మోకాళ్ళు మేం లేవమన్నాయి. నడుమ ఉన్న బతుకంతా ఆమె గొంతుక్కూర్చునే గడిపింది. పెళ్ళయిన నాలుగో రోజు అత్తగారి శెనిక్కాయ చేలో కూర్చుంది. కూతురు పద్మావతి కడుపులో ఉండగా నొప్పులు మొదలైంది కూడా మిరప సాళ్ళ మధ్యనే. సాలు చివరిదాకా పీకి, అప్పుడు లేచి ఇంటికి పోయింది. ఆమె పేరు ఏ కాగితంలోనూ గొప్పగా ఎక్కలేదు కానీ, ఆ ఊరి నేలలో ఆమె వేళ్ళు దిగని సెంటు లేదు.

ఆ వేళ్ళు ఓడిపోయింది ఒక్క తుంగ దగ్గరే. పైన పీకితే కింద గడ్డ నవ్వుతుంది. ఒకటి పీకిన చోట వారానికి మూడు లేస్తాయి. మోకాళ్ళు పోయిన ఏడాది తుంగ ఆమె మడిని పూర్తిగా మింగేసింది. అప్పుడే ఆమెకు గుడ్డ పరచాలన్న ఆలోచన తట్టింది. మొదటి ఏడు శెనిక్కాయలు పోసే గోనెపట్టలు పరిచింది. ఎర్రనేలలో చెదలకు గోనెపట్ట పరచడమంటే విస్తరి వేసి వడ్డించడమే. రెండు నెలల్లో నారపోగు మిగల్లేదు. రెండో ఏడు యూరియా సంచులు పరిచి, కత్తెరతో రంధ్రాలు చేసింది. కత్తిరించిన అంచుల నుంచి పోగులు లేచి, గాలికి మెలితిరిగి, మొక్కల మెడలకు చుట్టుకుని ఉరి వేశాయి. ఊరు కడుపుబ్బా నవ్వింది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని బయ్యమ్మ ఎదుటే అన్నారు. మూడో ఏడు ఆమె ఇనుప నీళ్ళగొట్టం ముక్కను పొయ్యిలో ఎర్రగా కాల్చి, దాంతో రంధ్రాలు వేసింది. అంచు కరిగి గట్టిపడింది. పోగు లేవలేదు. నవ్వినవాళ్ళు ఆ కంపుకు ముక్కులు మూసుకున్నారు, దాంతో నోళ్ళూ మూతపడ్డాయి.

ఒక్క రెడ్డెప్ప నోరు మాత్రం మూతపడలేదు. రెడ్డెప్ప ఆమె మొగుడు మునిరత్నానికి అన్న. ఇద్దరి మళ్ళూ ఒకే గట్టుకు అటూ ఇటూ ఉన్నాయి. బావిలో మూడు భాగాలు. ఒకటి రెడ్డెప్పది, ఒకటి మునిరత్నానిది, ఒకటి దాయాది వెంకటప్పది. మునిరత్నం పోయాక బయ్యమ్మ వంతు కూడా రెడ్డెప్పే చూసుకుంటున్నాడు. చూసుకోవడమంటే ఆమె వంతు రోజున కూడా ముందు తన మడి తడిపి, మిగిలితే ఆమెకు వదలడం. ఇప్పుడు ఆ మిగులు కూడా దండగంటున్నాడు. గుడ్డ కింద తుంగ దాక్కుని పెరుగుతోందని, ఆ గడ్డలు నీళ్ళతో తన మడికి పాకుతున్నాయని, బయ్యమ్మకు నీళ్ళు ఆపేసి మడి తనకు సాగుకు అప్పగించాలని పట్టుబట్టాడు. వెంకటప్ప ఈ రోజు వచ్చి చూసి చెబుతానన్నాడు. నీళ్ళు పోతే మడి పోయినట్టే. మడి పోతే బయ్యమ్మ కుప్పంలో కూతురి ఇంట్లో ఒక మూల మంచం మీద కూర్చోవాలి. కూతురు రమ్మంటూనే ఉంది. అల్లుడూ మంచివాడే. అయినా కూర్చోవడమంటే ఆమెకు ఇక అసహ్యం.

గట్టు మీదుగా ఇందిరమ్మ వచ్చింది. కలుపు కూలీలను పిలుచుకుపోయే మనిషి. చంకలో సద్దిగిన్నె, మొహంలో కోపం.

"పెద్దమ్మా, నువ్వొకదానివి గుడ్డ పరిస్తివి. రేపు ఊరంతా పరిస్తే మేమేం జేయల్ల? మా కడుపు మీద కొడతాండావే?"

బయ్యమ్మ పొరక ఆపలేదు. "నీ మోకాళ్ళకు ఇప్పుడెన్నేండ్లే?"

"ముప్పై ఆరు."

"ఇంగో పదేండ్లకు రా. అప్పుడు మాట్లాడదాం. కూలికి మంది కావల్లంటే గుడ్డ కుట్టేదానికి నేను పిలుస్తా. కూసోని కుట్టొచ్చు, గొంతుక్కూసోవల్సిన పన్లేదు."

ఇందిరమ్మకు కోపం తగ్గలేదు. "నీతో ఎవురు గెలస్తారులే" అని గొణుక్కుంటూ పోయింది.

ఎండ ఎక్కేసరికి వెంకటప్ప చేతికర్రతో వచ్చాడు. వెనక రెడ్డెప్ప, భుజాన చారల టవలు. బయ్యమ్మ అలవాటు ప్రకారం పక్కకు తొలగి తలగుడ్డ సర్దుకుంది. బావకు ఎదురుగా నిలబడి మాట్లాడడం ఆమె కాపరానికి వచ్చినప్పటి నుంచి లేదు. అతనూ ఆమెతో చెప్పాల్సింది గోడకు చెప్పినట్టు ఇంకొకరికి చెబుతాడు.

"ఎత్తి సూడు చిన్నాయినా" అన్నాడు రెడ్డెప్ప వెంకటప్పతో. "కింద అడివి ఉంటాది."

"యాడైనా ఎత్తుకోండి" అంది బయ్యమ్మ.

రెడ్డెప్ప కావాలని గట్టు వారగా ఉన్న బోదె ఎంచుకున్నాడు. మట్టిపెళ్ళ తీసి గుడ్డ అంచు ఎత్తాడు. కింద నేల తడిగా, మెత్తగా ఉంది. వానపాములు రెండు మెలికలు తిరిగాయి. అక్కడక్కడా తుంగ పిలకలు నీరసంగా, పచ్చదనం లేక పాలిపోయి, గుడ్డను పొడవలేక పక్కకు పడి ఉన్నాయి. వెంకటప్ప తలాడించాడు. రెడ్డెప్ప ఊరుకోలేదు. చిన్న పారతో తవ్వి ఒక గడ్డ బయటికి తీసి, గోటితో గిల్లాడు. లోపల తెల్లగా ఉంది.

"సూసినావా? బతికే ఉండాది."

బయ్యమ్మ గుండె దడదడలాడింది. అబద్ధమాడి లాభం లేదు, గడ్డ అతని చేతిలోనే ఉంది. ఆమె తలగుడ్డ విప్పి నడుముకు చుట్టుకుంది. వచ్చి బావ ఎదుట నిలబడింది.

"ఉంటాది బావా" అంది, నేరుగా అతని మొహంలోకి చూస్తూ. "నలభై ఏండ్లు నేను పెరికినా సావంది మూడేండ్లలో సస్తాదా? అదీ మొండిదే, నేనూ మొండిదాన్నే. అయితే అది గట్టు దాటి నీ మడికి వస్తాండాదో, నీ మడి నుంచి నా మడికి వస్తాండాదో, అదొకటి సూస్తామా ఇప్పుడు?"

సమాధానం కోసం ఆగలేదు. ఆ పారే అందుకుని, కాళ్ళీడ్చుకుంటూ గట్టు దాటింది. రెడ్డెప్ప వంగచేలో, గట్టుకు బారెడు దూరంలో పార దింపింది. ఒక్క పార మట్టి. దాన్ని తెచ్చి వెంకటప్ప కాళ్ళ దగ్గర పోసి, చేత్తో విదిలించింది. నల్లటి గడ్డలు దారానికి గుచ్చిన పూసల్లా ఒకదానికొకటి అంటుకుని బయటపడ్డాయి. వెంకటప్ప కర్రతో వాటిని ఒక్కొక్కటిగా పక్కకు నెట్టాడు. పదిహేడు దాకా నెట్టి ఇక చాలించాడు.

"ఈ మడిలో కూడా మోకాళ్ళు పోయేదాకా నేనే పెరికినా బావా. తమ్ముడి పెండ్లామని కూలి గూడా లేకుండా. గడ్డలు నాకు తెలుసు, నీకు తెలీదు. నీళ్ళు ఆపేదైతే ముందు ఈడ ఆపల్ల."

రెడ్డెప్ప మొహం కందగడ్డయింది. "ఆడదానికి ఇంత నోరా!" అన్నాడు. ఈసారి గోడకు కాదు, ఆమెకే.

వెంకటప్ప దగ్గి గొంతు సవరించుకున్నాడు. "నోరు సంగతి ఇడిసిపెట్టప్పా. ఆయమ్మ వంతు ఆయమ్మదే. ఈ పొద్దు ఆమె వంతే కదా, ఆమెనే కట్టుకోనీ."

కట్టుకోవడమంటే ఆ బావి దగ్గరి కట్టుబాటు. మోటారు గది గోడకు ఇనుప కొక్కెం ఒకటి ఉంది. వంతు ఎవరిదైతే వాళ్ళు తమ టవలు దానికి కట్టి మోటారు వేస్తారు. కట్టిన చెయ్యే ముడి విప్పాలి. అది విప్పేదాకా స్విచ్చి మీద ఇంకొకరు చెయ్యి వెయ్యరు. తాత నాటి నుంచి ఆ కొక్కేనికి మగవాళ్ళ టవళ్ళే వేలాడాయి. మునిరత్నం పోయిన దగ్గర నుంచి బయ్యమ్మ వంతు కూడా రెడ్డెప్ప టవలు కిందే గడిచింది.

ఆమెకు టవలు లేదు. తలగుడ్డ కడదామంటే అది చెమటకు తడిసి ఉంది. కుట్టగా మిగిలిన సంచిగుడ్డ ముక్క ఒకటి గట్టు మీద కనిపించింది. దాన్ని తీసుకుని పోయి, మునివేళ్ళ మీద నిలబడి, కొక్కేనికి రెండు ముళ్ళు వేసింది. కరెంటు వచ్చే వేళకు స్విచ్చి తనే నొక్కింది. మోటారు గుర్రుమంది. గొట్టం రెండు సార్లు గాలి కక్కి, తర్వాత నీళ్ళు పోసింది.

నీళ్ళు బోదెల నడుమ కాలవల్లో పాకుతుంటే బయ్యమ్మ వెంట నడిచింది. ఒక చోట మడవ తీసింది, ఒక చోట మూసింది. తన మడికి మొదటి నీళ్ళు, మిగులు నీళ్ళు కాదు. పదకొండేళ్ళకు. ఆ సంతోషం ఆమె ఎవరికీ చెప్పలేదు, చెప్పడానికి అక్కడ ఎవరూ లేరు. గుండెల్లో పొద్దుటి దడ ఇంకా తగ్గలేదు. కాసేపు కూర్చుంటే తగ్గుతుందనుకుంది. మోటారు గది నీడలో గోడకు ఆనుకుని, కాళ్ళు బార చాపుకుని కూర్చుంది. గొంతుక్కూర్చోకుండా కూర్చోవడం ఎంత హాయి అనుకుంది.

సాయంత్రం కూలి నుంచి తిరిగి వస్తున్న ఇందిరమ్మ, నీళ్ళు గట్టు పొర్లి రోడ్డు మీదికి పోతుండడం చూసి కేకేసింది. బదులు రాలేదు. దగ్గరికి వచ్చి భుజం తట్టింది. బయ్యమ్మ తల పక్కకు వాలింది. "పెద్దమ్మా, పెద్దమ్మా" అంటూ ఇందిరమ్మ అక్కడే కూలబడి, ఆ చల్లటి చేతిని ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది. కరెంటు పోయేదాకా మోటారు ఆడుతూనే ఉంది.

మర్నాడు కుప్పం నుంచి పద్మావతి వచ్చింది. జరగవలసింది జరిగింది. ఆ రోజు వెంకటప్ప వంతు, మైలని అతను మోటారు వేయలేదు. మూడో రోజు పొద్దున రెడ్డెప్ప వంతు. మైలైనా వంగతోట ఎండకూడదు కదా. అతను మోటారు గది దగ్గరికి వచ్చి భుజం మీది టవలు తీశాడు. కొక్కెం ఖాళీగా లేదు. ముడి మీద చెయ్యి వేయబోయాడు.

"పెదనాయినా, దాన్ని ముట్టొద్దు."

పద్మావతి గట్టు మీద నిలబడి ఉంది. చేతిలో పొరక. పక్కన ఇందిరమ్మ.

"మీ యమ్మ లేదు కదమ్మా" అన్నాడు రెడ్డెప్ప, మెల్లగానే.

"ముడి ఉండాది కదా. కట్టిన చెయ్యే ఇప్పల్లని మీరే కదా పెట్టుకునింది? ఆ చెయ్యి ఇంగ రాదు. ఎవురూ ఇప్పేదానికి లేదు. మీ వంతుకు మీరు దాని పక్కన కట్టుకోండి, నా వంతుకు నేనొచ్చి దాని పక్కనే కట్టుకుంటా. కుప్పం నుంచి బస్సులుండాయి. నేను రాలేని పొద్దు ఇందిరమ్మ కడతాది."

రెడ్డెప్ప చుట్టూ చూశాడు. దూరంగా వెంకటప్ప కర్ర మీద గడ్డం ఆనించి నిలబడ్డాడు. వంగచెట్లు వాడిపోయి ఉన్నాయి. ఈ పూట కరెంటు రెండు గంటలే ఉంటుంది. రెడ్డెప్ప చాలాసేపు టవలును చేతుల్లో మెలిపెట్టాడు. కొక్కెం పైభాగమంతా ఆ ముళ్ళే ఆక్రమించాయి. మిగిలిన కొసకు టవలు తగిలించి, లోపలికి పోయి మోటారు వేశాడు.

గోడ అదిరి చారల టవలు కింద ఊగింది. దాని పైన, ఎండకు వెలిసిన జానెడు సంచిగుడ్డ, రెండు ముళ్ళతో, కదలకుండా ఉంది.