గీతకి ఇవతల

ముందు చెప్పులు, తరువాత ఇల్లు. ఇరవై రెండేళ్ళుగా అదే వరస. ఆ ఉదయం కూడా అతను రోడ్డు అంచున వంగి, చొక్కా జేబులోంచి సుద్దముక్క తీసి మూరెడు గీత గీశాడు. గీతకి ఇవతల రెండు పాదాలూ జతగా పెట్టి, కెమెరాను కిందికి వంచి చెప్పులకు ఒక ఫోటో తీశాడు. తరువాత తలెత్తి ఎదురుగా ఉన్న ఇంటిని తీశాడు. నీలం తలుపు, ఒకే ఒక్క కిటికీ, అందులో సగం జడ అల్లుకున్న ఆడమనిషి. ఇల్లు అతను అద్దెకుండేది. ఆ ఆడమనిషి అతని భార్య.

"ఏమండీ, మతిగానీ పోయిందా? తల కూడా దువ్వుకోలేదు నేను!"

"ఊళ్ళో కొంపలన్నీ తీశారు, మన కొంప ఏం పాపం చేసుకుందని నిన్నంతా సాధించిందెవరు?"

"తీయమన్నాను. చెప్పి తీయమన్నాను."

"రోడ్డు మీంచి కనిపించేదానికి చెప్పక్కర్లేదు. పెళ్ళామైనా సరే."

"మొగుణ్ణి చేసుకున్నాననుకున్నాను గానీ, మున్సిపాలిటీని చేసుకున్నానని తెలీలేదు," అని ఆమె కిటికీ రెక్క వేసేసింది. మళ్ళీ తెరిచి, "మాత్ర వేసుకున్నారా?" అంది.

"ఆఁ," అన్నాడు. మాత్ర జేబులో సుద్దముక్క పక్కనే ఉంది. టీ తాగాక వేసుకోవచ్చులే అనుకున్నాడు.

అతని పని ఇళ్ళను బయటినుంచి ఫోటో తీయడం. ఇల్లు కొనబోయేవాళ్ళూ, ప్రహరీ కోసం జుట్లు పట్టుకునే ఇరుగుపొరుగులూ, వాళ్ళ వకీళ్ళూ అతన్ని పిలిచేవారు. మనిషి పొడగరి. వంగి వంగి గీతలు గీయడం వల్ల నడుము ముందుకు ఒంగిపోయింది. ఫోటో తీసేటప్పుడు ఎడమకన్ను మూయడం అలవాటై, మామూలుగా ఉన్నప్పుడు కూడా అది సగం మూసుకునే ఉండేది. చొక్కా ఏ రంగుదైనా జేబు మాత్రం తెల్లగానే ఉండేది. వీధిలో పిల్లలు అతనికి 'సుద్దముక్క' అని పేరు పెట్టారు. మర్యాద తెలిసినవాళ్ళు 'సుద్దముక్కగారూ' అని పిలిచేవారు. వేల ఇళ్ళు చూసినవాడు, ఒక్క ఇంట్లోకీ అడుగుపెట్టలేదు. మంచినీళ్ళిస్తే గేటు బయటే తాగి గ్లాసు తిరిగిచ్చేవాడు. కిటికీలో మనిషి కనిపిస్తే పక్కకి తప్పుకునేదాకా ఆగేవాడు. ఆ ఉదయం ఒక్కసారే ఆగలేదు.

ఈ చాదస్తం పుట్టుకతో వచ్చింది కాదు. పని కొత్తలో, ఒక ముసలామె ఇంటికి వెళ్ళే దారిని పొరుగువాడు రాళ్ళు పేర్చి మూసేశాడు. అతను దాన్ని ఫోటో తీసి విచారణకు ఇచ్చాడు. పొరుగువాడు లేచి, "మా ఆవరణలో దొంగలా దూరి తీశాడు," అన్నాడు. నిజానికి అతను నిలబడింది రోడ్డు మీదే. కానీ నిలబడినట్టు రుజువేదీ? ఫోటోను పక్కన పెట్టేశారు, ముసలామె దారి పోయింది. ఆమె తిట్టలేదు. "పోనీలే నాయనా, చిన్నవాడివి, నీకేం తెలుసు," అంది. నాలుగు తిట్లు తిట్టినా బాగుండేదని అతను ఇప్పటికీ అనుకుంటాడు. అప్పుడు ఒక వకీలు చెప్పాడు: రోడ్డు మీద నిలబడితే కంటికి కనిపించేదంతా కెమెరాకీ కనిపించవచ్చు, గోడలెక్కకు, కిటికీల్లోకి తొంగిచూడకు, అంతే. మర్నాడే అతను సుద్దముక్కల పెట్టె కొన్నాడు.

టీ కొట్టు దగ్గర గ్లాసు చేతికి అందేలోపే దర్జీ పని చేసే అమ్మాయి పరుగెత్తుకొచ్చింది. మెడలో కొలత టేపు అలాగే వేలాడుతోంది.

"బాబాయ్, గోడకి పూత పూసేస్తున్నారు!"

ఆమె గది మూడంతస్తుల ఇంటి పక్కసందులో ఉంది. ఆ ఇంటివాళ్ళు అనుమతి లేకుండా పైన ఇంకో అంతస్తు కట్టారు. అప్పటినుంచీ పక్కగోడ బీటలువారి, ఆమె రేకుల కప్పు మీదికి ఉబ్బుతూ వస్తోంది. ఆ రేకుల కిందే, మంచం దిగలేని ఆమె తల్లి పడుకుని ఉంటుంది. ఫిర్యాదు పెట్టగా పెట్టగా ఈ రోజు రెండు గంటలకు పట్టణ కార్యాలయంలో విచారణ. ఫోటోలు అతను పదింటికి తీయాలి. విషయం ఎలా తెలిసిందో, ఇంటివాళ్ళు తెల్లారకుండానే మేస్త్రిని ఎక్కించారు. పూత పడిందంటే బీట ఉండదు, బీట లేకపోతే ఫిర్యాదూ ఉండదు.

టీ అక్కడే వదిలేసి నడిచాడు. నడక కాదది, పరుగే. ఎడమచెయ్యి లాగుతుంటే కెమెరా సంచీ బరువేమోనని కుడిభుజానికి మార్చుకున్నాడు.

మేస్త్రి పైనుంచి కిందికి పూసుకుంటూ వస్తున్నాడు. కింద మనిషెత్తు బీట మాత్రం మిగిలింది, చెయ్యి పెడితే మణికట్టుదాకా దిగేంత వెడల్పు. తాపీ ఆడినప్పుడల్లా అది జానెడేసి మాయమవుతోంది. అతను రోడ్డంచున గీత గీశాడు. గీతకి ఇవతల నిలబడ్డాడు. తాపీ ఇంకోసారి లేచింది. చెప్పుల సంగతి మరిచి నేరుగా గోడను తీశాడు. ఒకటి, రెండు, మూడు.

నాలుగోది తీస్తుండగా మెడ మీద చెయ్యి పడింది.

"ఎవర్రా నువ్వు? ఎవర్నడిగి తీస్తున్నావ్?" గేటు కాపలావాడు. వాడి వెనకే యజమాని బావమరిది, వేలికి తాళాలగుత్తి తిప్పుకుంటూ. బావకు ఇల్లుంటే బావమరిదికి మీసాలుంటాయి.

"రోడ్డు మీంచి తీస్తున్నాను బాబూ."

"మా గోడ, మా ఇష్టం. తుడిచెయ్ అవన్నీ!"

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది వ్యవహారం. కానీ ఆ మాట అనే తీరికేదీ? కాపలావాడు అతన్ని రెక్కపట్టి గేటు లోపలికి లాగేశాడు. అతను కెమెరాను కడుపుకి అదుముకుని ముడుచుకుపోయాడు. వీపు మీద రెండు దెబ్బలు పడ్డాయి. పైనుంచి మేస్త్రి తాపీ ఆపి చూస్తున్నాడు.

"నీ పని నువ్వు చూడవోయ్!" అని అరిచాడు బావమరిది.

"సిమెంటు అయిపోయిందండీ," అన్నాడు మేస్త్రి. అతని పక్కనున్న గమేళా నిండా సిమెంటే.

రోడ్డు మీద దర్జీ అమ్మాయి గొంతు చించుకుంటోంది. జనం పోగయ్యారు. ఎవరు పిలిచారో, మలుపులోంచి పోలీసు మోటారుసైకిలు వచ్చింది. దాన్ని చూడగానే కాపలావాడు అతన్ని బయటికి తోసేశాడు. సరిగ్గా గీత మీద మోకాళ్ళ మీద పడ్డాడు. ఎడమకాలి చెప్పు లోపలే ఉండిపోయింది.

"మా ఆవరణలో దొంగలా దూరి తీశాడండీ," అన్నాడు బావమరిది.

ఇరవై రెండేళ్ళ కిందటి మాటే, అక్షరం మారలేదు.

"ఏం పెద్దాయనా?" అన్నాడు పోలీసు. నడివయసు మనిషి, నిదానస్తుడు.

"రోడ్డు మీదే నిలబడ్డాను సార్."

"రుజువేదీ?" అన్నాడు బావమరిది.

దర్జీ అమ్మాయి ముందుకొచ్చింది. "ఈయన ముందు చెప్పులకి ఫోటో తీస్తాడు సార్! గీత కూడా పడుతుంది. చూపించు బాబాయ్!"

పోలీసు కెమెరా తీసుకుని మీట నొక్కాడు. గోడ, గోడ, గోడ, ఆడమనిషి ఉన్న కిటికీ, ఆ తరువాత చెప్పులు. నల్లటి రోడ్డు, తెల్లటి గీత, గీతకి ఇవతల జతగా రెండు చెప్పులు. "ఇదిగో, ఉందిగా," అన్నాడు. "గీతకి ఇవతలే ఉన్నాడయ్యా."

అమ్మాయి ఊపిరి పీల్చుకుంది. బావమరిది చేతిలో తాళాలగుత్తి ఆగింది.

ఏ ఇంటి ముందు తీసినా ఆ ఫోటో ఒకలాగే ఉంటుంది. ఊరుకుంటే సరిపోతుంది, నోరు తెరిచి అబద్ధం ఆడక్కర్లేదు. అతను అమ్మాయి ముఖం చూశాడు, రేకుల కప్పు చూశాడు. ఈ ఒక్కసారికి ఊరుకో అని మనసు ప్రాధేయపడింది. కానీ ఆ ఒక్క ఫోటో దొంగదైతే, ఇన్నేళ్ళ గీతలూ దొంగవేనని అతనికి తోచింది.

"అది ఇక్కడిది కాదు సార్. పొద్దున్న మా ఇంటి ముందు తీసింది. ఇక్కడ తొందరలో తీయలేదు."

"బాబాయ్!" అంది అమ్మాయి. ఆ పిలుపు చెంపదెబ్బలా తగిలింది.

"విన్నారుగా!" అని బావమరిది పెద్దగా నవ్వాడు.

పోలీసు మాత్రం అతని ముఖంలోకి కాసేపు చూశాడు. ఆ తరువాత తలెత్తి గేటు స్తంభం పైకి చూశాడు. "అదేంటి?"

"మా కెమెరా. మా భద్రత కోసం."

"ఎటు చూస్తోంది?"

స్తంభం మీది నల్లటి కెమెరా తిన్నగా రోడ్డును, రోడ్డు మీది గీతను చూస్తోంది.

"చూపించండి."

"అది మా సొంతమండీ, చూపించం."

"బాగుందయ్యా. మీ కెమెరా రోడ్డంతా చూడొచ్చు గానీ, రోడ్డు మీ గోడని చూడకూడదా?"

జనం గొల్లుమన్నారు. కాపలావాడు మెల్లగా తన గది తలుపు తీశాడు. ఎంతైనా ఉద్యోగమిచ్చింది యజమానే గానీ, లాకప్పులో పడేది తనే. పోలీసు లోపలికి వెళ్ళి, ఆ కెమెరాలో పడిన దృశ్యాన్ని తన ఫోనులోకి తీసుకుని వచ్చాడు. "గీత గీసి నిలబడ్డాడు. లోపలికి లాక్కెళ్ళింది మీరే. ఈ మాట విచారణలో నేనొచ్చి చెబుతాను. పెద్దాయనా, మీ చెప్పు లోపలుంది, తెచ్చుకోండి."

గేటు తెరిచే ఉంది. చెప్పు నాలుగడుగుల దూరంలో బోర్లా పడి ఉంది.

"లోపలికి రాకూడదు సార్. వాళ్ళు రమ్మనలేదు," అన్నాడతను.

మళ్ళీ గీతకి ఇవతల నిలబడి, ఒక కాలికి చెప్పుతో, ఒక కాలు ఉత్తిదిగా, తన పాదాలను ఫోటో తీశాడు. వరస తప్పినా లెక్క తప్పకూడదు. ఈలోగా బావమరిది గేటు మూయించేశాడు.

కార్యాలయంలో గుమాస్తా ఫోటోలు అచ్చు తీశాడు. ఒంటిచెప్పు ఫోటో చూసి నవ్వాడు. కిటికీలోని ఆడమనిషి ఫోటో కూడా పొరపాటున అచ్చు తీసేశాడు. "లోపల కూర్చోండి సుద్దముక్కగారూ, గాలి వస్తుంది," అన్నాడు.

"ఫరవాలేదు. ఇక్కడ బాగానే ఉంది."

గది గుమ్మానికి ఇవతల ఒక బల్ల ఉంది. దాని మీద కూర్చుని గోడకు ఆనుకున్నాడు. లోపలినుంచి పోలీసు గొంతు వినిపించింది, అధికారి ఏదో అడగడం వినిపించింది. చెయ్యి లాగడం భుజందాకా పాకింది. మాత్ర గుర్తొచ్చి జేబులో వేళ్ళు పెట్టాడు.

మూడుంపావుకి దర్జీ అమ్మాయి కాగితం పట్టుకుని బయటికి వచ్చింది.

"బాబాయ్! పని ఆపమన్నారు. మమ్మల్ని ఇవాళే వేరే చోటికి మారుస్తారట. రేపు గోడ దించేస్తారట బాబాయ్!" పక్కన కూర్చుని కళ్ళు తుడుచుకుంది. "పొద్దున్న నిన్ను నమ్మలేకపోయాను. నీ మీద ఎంత కోపమొచ్చిందో తెలుసా? తిట్టు నన్ను."

అతను పలకలేదు. ఆమె ముఖం తిప్పి చూసింది. ఎడమకన్ను ఎప్పటిలాగే మూసుకుని ఉంది. కుడికన్ను కూడా మూసుకుని ఉంది. ఆమె అతన్ని ఎన్నడూ అలా చూడలేదు. చెయ్యి పట్టుకుంటే వేళ్ళ సందున పొడి అంటింది. అందులో సుద్ద ఏదో, మాత్ర ఏదో తెలియలేదు. అతను పోయాడు. పాదాలు రెండూ గుమ్మానికి ఇవతల జతగా ఉన్నాయి.

నీలం తలుపు ఇంటికి కబురు తీసుకెళ్ళింది ఆ అమ్మాయే. ఏం చెప్పాలో తోచక ముందు ఆ కిటికీ ఫోటో చేతికిచ్చింది. భార్య దాన్ని చూసి, "తల కూడా దువ్వుకోలేదు నేను," అంది. ఇంకోసారి అదే మాట అంది. తరువాత గుమ్మంలోనే కూలబడి ఏడ్చింది.

ఆ సంగతి మేస్త్రికి తెలియదు. సాయంత్రం ఉత్తర్వు రాగానే అతను పరంజా దిగి, తాపీ కడుక్కుని, సామాను సంచీలో వేసుకున్నాడు. మూసిన గేటు లోపల చెప్పు ఇంకా బోర్లా పడే ఉంది. దాన్ని తీసి, మట్టి దులిపి బయటికి తెచ్చాడు.

"ఎక్కడికి పట్టుకుపోతున్నావ్?" అన్నాడు కాపలావాడు.

"ఎక్కడికీ లేదు. ముసలాయన వెతుక్కుంటూ వస్తాడు, పాపం."

అతను వంగి, చెరిగీ చెరగని గీతకి ఇవతల, రోడ్డు వైపున, ఆ ఎడమకాలి చెప్పును ఇంటికి ఎదురుగా తిన్నగా పెట్టి, పక్కన రెండో దానికి చోటు వదిలాడు.